లిబర్టీ అవెన్యూలో గయానా

న్యూయార్క్ నగరంలోని మన్‌హట్టన్ నుండి బయలుదేరే 'ఏ' రైలు క్వీన్స్ విభాగంలో ప్రవేశించిన కొంతసేపటికి భూగర్భాన్ని విడిచి ఇనుప స్తంభాల పైకి ఎక్కుతుంది. లెఫర్ట్స్ బులెవార్డ్ అనే స్టేషనులో ఆ మార్గం ముగుస్తుంది. మెట్లు దిగితే లిబర్టీ అవెన్యూ. నెత్తిమీద రైలు పట్టాలు, వాటి నీడలో ఇరువైపులా దుకాణాలు. ఒకదానిలో వేడి వేడి రోటీలు, పక్కదానిలో చీరలు, ఆ పక్కన బంగారు గాజులు, ఎదురుగా చేపలు, కాకరకాయలు, పొడవాటి బొబ్బరకాయలు. ఒక వీధిలో మస్జిద్, మరొక వీధిలో మందిరం, కొంత దూరంలో సిక్కుల గురుద్వారా, చర్చి. ఈ ప్రాంతాన్ని రిచ్‌మండ్ హిల్ అంటారు. దక్షిణ అమెరికా ఖండపు ఉత్తర తీరంలోని గయానా దేశం నుండి వలస వచ్చినవారు ఇక్కడ ఎంత దట్టంగా స్థిరపడ్డారంటే, 2021లో ఈ కూడలికి 'లిటిల్ గయానా అవెన్యూ' అనే పేరును కూడా చేర్చారు. నగర ప్రణాళికా శాఖ 2013లో ప్రచురించిన నివేదిక ప్రకారం గయానాలో పుట్టి న్యూయార్క్‌లో నివసిస్తున్నవారు సుమారు 1,40,000 మంది. విదేశాలలో జన్మించిన నగరవాసులలో వారిది అయిదవ స్థానం.

మా పెద్దమ్మాయి కాపురం ఈ ప్రాంతానికి సమీపంలోనే. ఆమె ఇంట మూడు నెలలు గడిపే అవకాశం మాకు లభించింది. మా అల్లుడు జుమా నమాజుకు తీసుకువెళ్ళిన మస్జిద్ గయానా ముస్లింలది. సఫ్‌లో మా కుడి ఎడమల నిలబడినవారి ముఖాలు కర్నూలులోనో నిజామాబాదులోనో నిత్యం చూసే ముఖాలే. పేర్లు ఖాన్, హుసేన్, రహమాన్. నమాజు ముగిశాక ఒక పెద్దాయనకు సలాం చెప్పి, ఉర్దూలో క్షేమం అడిగాము. ఆయన నవ్వి, తమ దేశపు యాసతో కూడిన ఆంగ్లంలో, "మౌలానా, ఆ భాష మా తాతగారితోనే పోయింది. మాకు మిగిలినవి సలాం, ఖసీదా, వంటింటి మాటలు" అన్నారు.

ఆ రాత్రి భోజనాల వద్ద ఈ సంగతి ప్రస్తావిస్తే, అక్కడే స్థిరపడిన మా బంధువొకరు, "వాళ్ళు అసలు ఇండియన్లే కారండీ, వెస్టిండీసు వాళ్ళు" అని ఒక్క మాటలో తేల్చివేశారు. మరుసటి వారం మస్జిద్ మెట్ల మీద ఒక నడివయస్కుడు, "మీ ఇండియా వాళ్ళు మమ్మల్ని సాటి మనుషులుగా చూడరు" అని అంతే సులువుగా తేల్చివేశారు. ఈ రెండు తీర్పుల నడుమనే మా మూడు నెలలూ గడిచాయి. ఏది నిజమో తెలియాలంటే ముందు వారి కథ తెలియాలి.

ఓడలు దిగినవారు

గయానా ఒకప్పుడు బ్రిటిషువారి చెరకు తోటల వలసరాజ్యం. ఆఫ్రికా నుండి బానిసలుగా తెచ్చినవారి రక్తమాంసాలపై ఆ తోటలు పెరిగాయి. 1834లో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది. ఆపై పేరు మార్చి కొనసాగించిన నిర్బంధ సేవ కూడా 1838 ఆగస్టు 1న ముగిసింది. ఇది ముందే గ్రహించిన తోట యజమానులు కూలీల కోసం భారతదేశం వైపు చూశారు. వారిలో ముఖ్యుడు జాన్ గ్లాడ్‌స్టన్. తరువాతి కాలంలో బ్రిటన్ ప్రధానమంత్రి అయిన విలియం గ్లాడ్‌స్టన్‌కు ఆయన తండ్రి. 1838 జనవరిలో కలకత్తా నుండి బయలుదేరిన విట్‌బీ, హెస్పెరస్ అనే రెండు ఓడలు మే 5న గయానా తీరం చేరాయి. వాటి నుండి దిగినవారు 396 మంది. ఆ విధంగా మొదలైన ఒప్పంద కూలీల రవాణా మధ్యలో ఆగుతూ, మళ్ళీ సాగుతూ 1917 వరకు నడిచింది. మొత్తం వెళ్ళినవారు దాదాపు 2,39,000 మంది. గడువు తీరాక స్వదేశానికి తిరిగి వచ్చినవారు వారిలో మూడో వంతుకు మించలేదు.

వెళ్ళినవారిలో అత్యధికులు నేటి ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతాల భోజ్‌పురి, అవధీ భాషీయులు. అయితే మద్రాసు రేవు నుండి కూడా ఓడలు వెళ్ళాయి. వాటిలో తమిళులతో పాటు మన తెలుగువారూ ఉన్నారు. వెస్టిండీస్ క్రికెట్ జట్టుకు ఆడిన గయానా బౌలర్ల పేర్లలో వీరసామి పెర్మాల్, నాగముత్తు కనిపిస్తే మన యువకులు ఆశ్చర్యపోనక్కరలేదు. అవి ఆ దక్షిణాది ఓడల గుర్తులు.

రేవులో గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా పేర్లు కాగితానికెక్కాయి. తండ్రి పేరు ఒకటి, కొడుకు ఇంటిపేరు మరొకటి అయిపోయింది. గయానా ముస్లింలలో 'బ్యాకస్' అనే ఇంటిపేరు తరచుగా వినిపిస్తుంది. మన 'బఖ్ష్' అనే మాటే అలా మారిందని వారు చెబుతారు. దైవం ప్రసాదించినవాడని అర్థమిచ్చే పేరు, ఆంగ్ల లిపిలో రోమనుల మద్య దేవత పేరైపోయింది! ఆ పేరు మోస్తూనే తరతరాలుగా అయిదు పూటల నమాజు చేస్తున్నారు వారు. కాగితం మీది పేరు చూసి మనిషిని అంచనా వేయబోయేవారు ఇక్కడ ఒక క్షణం ఆగాలి.

ఫులా, తురక, మద్రాసీ

గయానాలో ముస్లింను పల్లె వాడుకలో 'ఫులా' లేదా 'ఫులామాన్' అనేవారు. ఈ మాట ఎక్కడిదని పెద్దాయనను అడిగాము. పశ్చిమాఫ్రికాలో ఫులానీ అనే ముస్లిం జాతి ఉన్నది. బానిసలుగా గయానాకు తరలించబడినవారిలో వారు కూడా ఉన్నారు. భారతీయులు అక్కడ అడుగు పెట్టకముందే ఆ నేలపై సజ్దా చేసినవారు వారే. తరువాత ఓడ దిగిన భారతీయ ముస్లింలు కూడా అదే విధంగా ప్రార్థించడం చూసి, జనం వారినీ ఫులాలనే పిలిచారు. గాజీపూరు రైతు బిడ్డ, ఆఫ్రికా ముఖమైనా చూడనివాడు, ఒక ఆఫ్రికా జాతి పేరుతో జీవితమంతా పిలువబడ్డాడు.

ఇది విని మాకు మన పల్లెలు గుర్తుకు వచ్చాయి. తెలుగునాట ముస్లింలను 'తురకలు' అని వ్యవహరించడం శతాబ్దాల నాటి మాట. పిలిచినవారెవరూ టర్కీ చూసినవారు కారు, పిలిపించుకున్నవారూ కారు. గుంటూరు మిరపతోటలో పుట్టి పెరిగి తెలుగులో కలలు కనే మనిషి తురక అయినట్లే, డెమెరారా నది ఒడ్డున చెరకు నరికే భోజ్‌పురి మనిషి ఫులా అయ్యాడు.

అంతటితో ఆగలేదు. గయానాకు వెళ్ళిన ఉత్తరాది వారు దక్షిణాది వారందరినీ కలిపి 'మద్రాసీ' అన్నారు. తెలుగా, తమిళమా అని అడిగినవారు లేరు. నల్లగా ఉంటారని, మొరటువారని, ఓడ నుండే ఆ మాటకు కొన్ని అర్థాలు అంటుకున్నాయి. ఒకే తోటలో, ఒకే యజమాని కొరడా కింద పనిచేసినవారే ఒకరినొకరు ఇలా వేరుచేసి చూసుకున్నారు. యజమానికి మాత్రం వారందరూ 'కూలీ'లే. మన భాషలో కూలి అంటే కష్టానికి ప్రతిఫలం. ఆ దేశంలో అది భారతీయ సంతతినంతటినీ అవమానించే తిట్టుగా మారింది. నేటికీ ఆ మాట వింటే పెద్దల ముఖం ఎర్రబడుతుంది.

దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా పరస్పరం ఎగతాళి చేసుకోవడాన్ని, చెడ్డ పేర్లతో పిలుచుకోవడాన్ని, అతిగా అనుమానించడాన్ని వరుసగా నిషేధించి, ఆ వెంటనే జాతులూ తెగలూ ఏర్పడింది ఒకరినొకరు తెలుసుకోవడానికని బోధిస్తుంది. ఈ బోధనలు ఈ క్రమంలో ఎందుకు ఉన్నాయో తరగతి గదిలో ఎన్నోసార్లు వివరించాము. అయితే తిట్టుపేరు ఒక జనసమూహాన్ని నూట ఎనభై ఏళ్ళు ఎలా వెంటాడుతుందో రిచ్‌మండ్ హిల్‌లోనే కళ్ళారా చూశాము.

పిండి కరవైన రోజులు

గయానా 1966 మే 26న స్వతంత్రమైంది. కాని స్వాతంత్ర్యానికి ముందే ఇల్లు రెండుగా చీలిపోయింది. భారతీయ సంతతికి చెందిన చెద్దీ జగన్, ఆఫ్రికా సంతతికి చెందిన ఫోర్బ్స్ బర్న్‌హామ్ తొలుత ఒకే పార్టీలో కలిసి పనిచేశారు. 1953లో ఆ పార్టీ ఎన్నికలలో నెగ్గితే బ్రిటిషువారు 133 రోజులకే రాజ్యాంగాన్ని రద్దు చేశారు. 1955లో పార్టీ చీలింది. చీలిక క్రమంగా జాతుల చీలికగా మారి, 1962 నుండి 1964 వరకు రక్తపాతానికి దారి తీసింది. కలిసి బతికిన గ్రామాలు విడిపోయాయి. ఆనాటి భయాన్ని రెండు వర్గాలవారూ తమతో పాటు అమెరికాకు మోసుకువచ్చారు. న్యూయార్క్‌లో భారతీయ సంతతివారు ఎక్కువగా రిచ్‌మండ్ హిల్‌లో, ఆఫ్రికా సంతతివారు ఎక్కువగా బ్రూక్లిన్‌లోని ఫ్లాట్‌బుష్ పరిసరాలలో స్థిరపడ్డారు. జెండా ఒకటే, పేటలు వేరు.

మేము చెప్పుకున్న పెద్దాయన సౌమ్యుడు, నమాజీ. అయినా ఆఫ్రికా సంతతివారి గురించి మాట వచ్చినప్పుడు ఆయన ధోరణి మారేది. వారు దాచుకోరు, కష్టపడరు, నమ్మదగినవారు కారు అంటూ ఒక జాబితా చదివేవారు. ఫ్లాట్‌బుష్‌లో భారతీయ సంతతివారి మీద కూడా ఇటువంటి జాబితాయే ఉన్నదని మా అల్లుడి సహోద్యోగి, ఆఫ్రికా సంతతి గయానా యువకుడు, నవ్వుతూ చెప్పాడు. వారు పిసినారులట, తమవారిని తప్ప ఎవరినీ దగ్గరకు రానివ్వరట, తాగి భార్యలను కొడతారట.

ఒక సాయంత్రం పెద్దాయన తమ దేశపు కరవు రోజుల సంగతి చెప్పారు. 1980ల తొలినాళ్ళలో బర్న్‌హామ్ ప్రభుత్వం విదేశీ మారకద్రవ్యం లేక గోధుమపిండి దిగుమతిని నిషేధించింది. పప్పుధాన్యాలు, బంగాళదుంపలు కూడా ఆ జాబితాలో చేరాయి. రోటీ, దాల్‌పురి తినేవారికి పొయ్యి ఆరినంత పని అయింది. బియ్యప్పిండితో రొట్టెలు చేసి సర్దుకున్నారు. గోధుమపిండి నది దాటి సురినామ్ నుండి దొంగతనంగా వచ్చేది. పట్టుబడితే శిక్ష. "ఒక రంజాను చివరి రోజు. ఇంట్లో చిటికెడు పిండి లేదు. పక్కింటి బడి పంతులమ్మ కొంగు చాటున ఒక సంచి తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టింది. 'నీ పిల్లలకు ఈద్ కదా' అన్నది. ఆమె తన క్రిస్మస్ కోసం దాచుకున్న పిండి అది" అని ఆయన గొంతు పూడుకుపోయింది.

ఆ పంతులమ్మ ఎవరని అడిగాము. ఆఫ్రికా సంతతి క్రైస్తవురాలు. మరి ఇందాకటి జాబితా? ఆయన కాసేపు ఆలోచించి, "ఆమె వేరు మౌలానా" అన్నారు.

ఈ మాట ప్రపంచమంతటా వినిపించేదే. మనకు తెలిసిన మనిషి ఎప్పుడూ 'వేరు'గానే ఉంటాడు. తెలియనివారందరూ ఒకే మూసలో ఉంటారు. మంచివాడు ఎదురైతే అతడిని మినహాయింపు కింద పక్కన పెడతాము, చెడ్డవాడు ఎదురైతే సాక్ష్యంగా ఎత్తి చూపుతాము. అందువల్ల ఎంతమంది మంచివారు ఎదురైనా ఆ జాబితా ఒక్క అక్షరం కూడా తరగదు. ఆనాడు గోధుమపిండి లేక రోటీ తినేవాడు ఎంత అలమటించాడో, రొట్టె తినేవాడూ అంతే అలమటించాడు. రెండూ ఒకే పిండితో చేసేవి. ఈ సంగతి ఆ పంతులమ్మకు తెలుసు.

ఖసీదా పుస్తకం

భాష పోయినా మిగిలినదేమిటో చూడాలంటే గయానా ఇంటి వంటగదిలోకి వెళ్ళాలి. వంకాయ వారికి బైగన్, కాకర కరైలా, మునగ సైజన్. పెనం తావా, అప్పడాల కర్ర బేల్నా. నాయనమ్మ ఆజీ, తాత ఆజా, అమ్మమ్మ నానీ. ఆంగ్లం తప్ప మరొక భాష ఎరుగని పిల్లలు కూడా ఈ మాటలను ఆంగ్ల పదాలే అనుకుని పలుకుతారు. ఈద్ ఉదయం సేవయ్యా వండని ఇల్లు ఉండదు. వాటిని ముక్కలుగా కోసి పెట్టే వారి పద్ధతి మాత్రం మా అమ్మాయికి కొత్తగా తోచింది.

మస్జిద్‌లో ఒక వివాదం నడుస్తున్నది. పెద్దతరం వారు శుభకార్యాలలో, మీలాద్ సభలలో ఉర్దూ ఖసీదాలు గానం చేస్తారు. అరబ్బు దేశాలలో చదివి వచ్చినవారి ప్రభావంలో పెరిగిన యువకులు దానిని అభ్యంతరపెడతారు. "వీళ్ళు ఇండియా ఆచారాన్ని ఇస్లాం అనుకుంటున్నారు" అని యువకులు, "వీళ్ళు అరబ్బులైపోయారు" అని పెద్దలు. ఇక్కడ కూడా మనుషులు లేరు, రెండు మూసలు మాత్రమే ఉన్నాయి. మమ్మల్ని తీర్పు చెప్పమన్నారు. అతిథిగా వెళ్ళినవారు నాలుగు వారాలలో తీర్చగల ఫిఖ్హ్ చర్చ కాదది. అయితే ఒకటి అడిగాము. ఆ ఖసీదాలలో ఏమున్నదో మీలో ఎవరికి తెలుసు?

ఎవరికీ తెలియదు. పాడేవారికీ తెలియదు, వద్దనేవారికీ తెలియదు. ఎనభైకి చేరువైన ఒక నానీ తన నోటు పుస్తకం తెచ్చారు. తల్లి పాడుతుండగా విని, ఉర్దూ శబ్దాలను ఆంగ్ల అక్షరాలలో రాసుకున్న పుస్తకమది. అంచులు నలిగి, నూనె మరకలతో ఉన్నది. ఒక శనివారం అసర్ నమాజు తరువాత ఆమెతో, నలుగురు యువకులతో కూర్చున్నాము. ఆమె ఒక్కొక్క పంక్తి చదివారు. మేము అర్థం చెప్పగా మా అల్లుడు ఆంగ్లంలోకి మార్చాడు. కొన్ని మాటలు నోటి నుండి నోటికి జారి రూపం కోల్పోయాయి, వాటిని పోల్చుకోలేకపోయాము. తక్కినవి దైవప్రవక్త (స) పట్ల ప్రేమ, మదీనా చూడాలనే ఆరాటం, సముద్రం దాటించమనే వేడుకోలు.

సముద్రం మాట వచ్చినప్పుడు ఆమె చదవడం ఆపివేశారు. "మా అమ్మ ఇక్కడే ఏడ్చేది. ఎందుకో మాకు తెలిసేది కాదు" అన్నారు. ఆ తరువాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఖసీదాను అభ్యంతరపెట్టే యువకులలో ఒకడు ఆ పుస్తకం పేజీలన్నింటినీ ఫోనులో చిత్రాలు తీసుకుని, అర్థాలతో సహా రాసిపెడతానని ముందుకు వచ్చాడు. అతడి అభిప్రాయం మారలేదు, మారాలని మేము కోరలేదు. నానమ్మల నోటిలోనిది 'ఇండియా ఆచారం' అని మాత్రం అతడు మళ్ళీ అనలేదు.

గడిలో ఇమడని పిల్లలు

వారాంతపు మక్తబ్‌లో చదువు చెప్పే ఒక కాలేజీ విద్యార్థిని తన అనుభవం చెప్పింది. ప్రభుత్వ పత్రాలలో జాతి అనే చోట 'ఏషియన్ ఇండియన్' అనే గడి ఉంటుంది. అక్కడ గుర్తు పెడదామంటే, తల్లిదండ్రులు, తాతలు పుట్టినది దక్షిణ అమెరికాలో. నల్లజాతి గడి తనది కాదు. చివరికి 'ఇతరులు' అనే గడిలో చేరవలసి వస్తుంది. బడిలో తెల్లపిల్లలకు ఆమె ఇండియన్. ఇండియా నుండి వచ్చిన పిల్లలకు ఆమె ఇండియన్ కాదు, ఎందుకంటే హిందీ సినిమా పాటలకు ఆమె అర్థం చెప్పలేదు. జమైకా పిల్లలకు ఆమె కరీబియన్ కాదు, ఎందుకంటే జుట్టు సూటిగా ఉన్నది. హిజాబ్ ధరించాక ఇవన్నీ పోయి, అందరికీ అరబ్బు పిల్ల అయింది.

"మరి నీవు ఏమనుకుంటావమ్మా?" అని అడిగాము.

"అడిగేవారిని బట్టి చెబుతాను మౌలానా. కాని ఇంట్లో ఎవరూ అడగరు. అందుకే ఇల్లంటే ఇష్టం" అన్నది.

అదే అమ్మాయి మాటల మధ్యలో, గయానా మగవాళ్ళందరూ తాగుబోతులని, గయానా తల్లులందరూ కూతుళ్ళను అనుమానిస్తారని కూడా అన్నది. మీ నాన్నగారు తాగుతారా అని అడిగితే నాలుక కరుచుకున్నది. ఆయన జీవితంలో చుక్క ముట్టినవారు కారు. ప్రవాసపు పిల్లలలో ఇది తరచుగా కనిపించే సంగతి. బయటివారు తమపై వేసిన ముద్రను కొన్నాళ్ళకు వారే తమవారిపై వేయడం మొదలుపెడతారు. నవ్వులాటగా మొదలై అది నమ్మకమైపోతుంది. చెరకు తోటల కాలం నుండీ రమ్ము ఆ సమాజాన్ని బాధించిన మాట వాస్తవమే. కాని ఒక రోగం ఉన్నదని చెప్పడం వేరు, జాతి మొత్తం రోగిష్టిదని చెప్పడం వేరు.

2012 జనాభా లెక్కల ప్రకారం గయానా జనాభా ఏడున్నర లక్షల లోపే. వారిలో భారతీయ సంతతి దాదాపు 40 శాతం, ఆఫ్రికా సంతతి 29 శాతం, ముస్లింలు 7 శాతం లోపు. అయినా అక్కడ బక్రీదు, మీలాదున్నబీ జాతీయ సెలవు దినాలు. దీపావళి, హోలీ, క్రిస్మస్ కూడా అంతే. 2020 ఆగస్టు నుండి దేశాధ్యక్షులుగా ఉన్న ఇర్ఫాన్ అలీ ముస్లిం. ఈ సంగతులు చెబితే మన బంధువులలో చాలామంది ఆశ్చర్యపోయారు. ఏళ్ళ తరబడి పక్క వీధిలో ఉన్నవారి గురించి వారికి తెలిసినది క్రికెట్, రమ్ము, రోటీ మాత్రమే.

ఒక సంబంధం

మా బసలో చివరి నెలలో ఒక వివాహ ప్రస్తావన మా ముందుకు వచ్చింది. అబ్బాయి హైదరాబాద్ నుండి వచ్చిన కుటుంబానికి చెందినవాడు, ఇంజనీరు. అమ్మాయి గయానా కుటుంబంలోనిది, ఆసుపత్రిలో నర్సు. అబ్బాయే తల్లితో చెప్పి, సంబంధం అడగమన్నాడు. తల్లి మా వద్దకు వచ్చి, "మౌలానా సాబ్, వాళ్ళు ముస్లింలే, కాదనను. కాని మనవాళ్ళు కారు. ఖాందాన్ తెలియదు. వాళ్ళలో తాగుడు, నాచుగానా మామూలు. రేపు నా మనవలు ఏమని చెప్పుకుంటారు?" అన్నారు.

"ఎన్ని గయానా కుటుంబాలు తెలుసు చెల్లెమ్మా?" అని అడిగాము.

"ఇంటికి వెళ్ళి చూసినది ఒక్కటీ లేదు" అన్నారు ఆమె, నిజాయితీగా.

అమ్మాయి తండ్రి కూడా మమ్మల్ని కలిశారు. "ఇండియా వాళ్ళకు పిల్లనివ్వాలంటే భయం మౌలానా. పెళ్ళికి డబ్బు అడుగుతారట. కోడలిని పనిమనిషిని చేస్తారట. మా రంగు, మా మాట చూసి వెక్కిరిస్తారట" అన్నారు. ఎంతమందిని చూశారని అడిగితే, తమ మేనత్త పొరుగింటివారి కథ ఒకటి చెప్పారు. అంతకు మించి లేదు.

రెండు జాబితాలూ వినికిడి మీద కట్టినవే. అయినా రెండింటినీ ఒకే విధంగా కొట్టివేయలేకపోయాము. 'జోడేకి రఖమ్' అనే దురాచారం మన ఇళ్ళలో లేదని ఆ తండ్రికి ఏ ముఖంతో చెప్పగలం? అది ప్రతి ఇంటా ఉన్నదనడం అన్యాయం, ఎక్కడా లేదనడం అబద్ధం. ఇటువంటి చోట వాదన చెల్లదు, నడవడి ఒక్కటే జవాబు. ఈ మాటే ఆ తల్లితో అన్నాము. మహర్ ఎంత ఇస్తారో మీరే ముందుగా చెప్పండి, అడగడానికి ఏమీ లేదని మీ నోటితోనే అనండి అని సూచించాము. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "నా పెళ్ళిలో మా నాన్న ఇల్లు తాకట్టు పెట్టారు" అన్నారు. ఆ తరువాత ఖాందాన్ మాట ఎత్తలేదు.

ఇరు కుటుంబాలూ మా అమ్మాయి ఇంటిలో ఒక ఆదివారం కలిశాయి. తొలి అరగంట బిగువుగానే గడిచింది. ఆ తరువాత ఆడవారు వంటగదిలో చేరారు. అమ్మాయి నానీ దాల్‌పురి చేసే విధానం చెబుతుండగా, అబ్బాయి తల్లి తమ పూరన్‌పూరీ సంగతి చెప్పారు. ఒకటి కారం, ఒకటి తీపి. లోపల పప్పు పెట్టి పలుచగా ఒత్తే ఒడుపు మాత్రం ఒకటే. మేము బయలుదేరేనాటికి ఆ సంబంధం ఖాయం కాలేదు. అయితే రెండు వైపులా ప్రశ్నలు మారాయి. అబ్బాయికి కోపం ఎక్కువా? అమ్మాయి రాత్రి డ్యూటీలు మానవలసి ఉంటుందా? ఇద్దరూ ఎక్కడ కాపురం ఉంటారు? సంపాదన ఎవరి చేతిలో ఉంటుంది? నమాజు పాబందీ ఎలా ఉంది? సంబంధం కుదిరినా, కుదరకపోయినా అడగవలసిన ప్రశ్నలు ఇవే. ఏ దేశపువారు, ఏ ఓడ దిగినవారు అనే ప్రశ్నకు వీటిలో దేనికీ జవాబు దొరకదు.

మన ఇళ్ళలో

నేడు మన తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లలు జిద్దా, దుబాయి, చికాగో, టొరంటో నగరాలలో పెరుగుతున్నారు. ఒప్పంద కూలీల ఓడలకూ వీరి విమానాలకూ పోలిక లేదు. అయినా రెండు తరాల తరువాత వారికీ భాష జారిపోవచ్చు. తెలుగు పోవచ్చు, ఉర్దూ పోవచ్చు. అప్పుడు వారిని కూడా ఎవరో ఒకరు 'అసలు ఇండియన్లు కారు' అంటారు, మరెవరో 'అసలు అమెరికన్లు కారు' అంటారు. గయానా వారి నుండి మనం నేర్చుకోదగినది ఇక్కడ ఉన్నది. నూట ఎనభై ఏళ్ళ పాటు, పాఠశాలలు, గ్రంథాలు, ఉలమాల సహాయం అంతంతమాత్రంగా ఉన్న నేలపై, వారు నమాజును, నికాహ్‌ను, సలాంను నిలుపుకున్నారు. పొయ్యి మీది మాటలను నిలుపుకున్నారు. నిలుపుకోలేనిది అర్థం. నానీ పుస్తకంలో శబ్దం మిగిలి అర్థం జారిపోయింది. పిల్లలకు ఒక దుఆ నేర్పినా, ఒక పాట నేర్పినా, దాని అర్థం కూడా వారికి తెలిసిన భాషలో చెప్పి, వీలైతే రాసి ఇవ్వడం తల్లిదండ్రుల వంతు.

రెండవది భోజనాల దగ్గరి మాట. ఫలానా రాష్ట్రం వారు ఇంతే, ఫలానా దేశపు ముస్లింలు ఇంతే, ఫలానా జాతివారు ఇంతే అని పెద్దలు అలవోకగా అనే వాక్యాలు పిల్లల చెవిన పడతాయి. ఆ వాక్యం నోటి చివరికి వచ్చినప్పుడు, వారిలో మనం ఎందరి ఇంట భోజనం చేశామో, ఎందరిని మన ఇంట భోజనానికి పిలిచామో ఒక్కసారి లెక్కపెట్టుకుంటే చాలు. లెక్క ఒకటి, రెండు దాటకపోతే ఆ వాక్యాన్ని మింగివేయడం మేలు. 'తురక' అనే ఒక్క మాటలో తరతరాలుగా కుదించబడినవారం మనం. ఇతరులను అలా ఒక్క మాటలో కుదించకుండా ఉండవలసిన బాధ్యత అందరికన్నా మనకే ఎక్కువ.